పెద్ద చెట్టు కింద చిన్న మొక్క: తగవు నీడతోనా, వేర్లతోనా?

తొలకరి పడగానే నర్సరీల్లో ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. "మా ఇంటి ముందు పెద్ద మామిడి చెట్టుంది, దాని కింద ఏమీ రావడం లేదు, నీడలో పెరిగేవి ఏమైనా ఉన్నాయా?" అని అడుగుతారు. నర్సరీవారు సింగోనియమో, క్యాలాడియమో, ఫెర్న్‌లో ఇస్తారు. వానాకాలమంతా అవి బాగానే ఉంటాయి. దసరా దాటాక ఆకులు వాలుస్తాయి, సంక్రాంతికి కొన్ని మిగులుతాయి, వేసవి మొదలయ్యేసరికి ఆ చోట మళ్లీ బోడినేలే కనిపిస్తుంది. నీడ మొక్క నీడలోనే ఎందుకు చచ్చిపోయిందో ఆ ఇంటివారికి అర్థం కాదు. తమ చేతి గుణం మంచిది కాదనుకునేవారూ ఉన్నారు. లోపం వారి చేతిలో లేదు. చెట్టు కింద జరిగే పోటీలో వెలుతురు ఒక భాగమే కాగా, ఎక్కువ భాగం కంటికి కనిపించకుండా నేలలో జరుగుతుంది.

చెట్టు వేర్లు నిజంగా ఎంత లోతున ఉంటాయి

చెట్టు పైకి ఎంత ఎత్తు ఉంటుందో కిందికి అంత లోతు ఉంటుందని చాలామంది నమ్ముతారు. టెంక నాటి పెంచిన మామిడికి, గింజ నుంచి వచ్చిన వేపకు మొదట్లో తల్లివేరు నిటారుగా దిగే మాట నిజమే. అయితే చెట్టు పెద్దదయ్యాక దాని ఆహారం, నీరు చాలావరకు తల్లివేరు మీద కాక, చుట్టూ పరుచుకున్న పక్కవేర్ల మీద, వాటి చివర్లలో దారాల్లా ఉండే పీచువేర్ల మీద ఆధారపడతాయి. సాధారణంగా చెట్టు వేర్లలో ఎక్కువ భాగం పై రెండు అడుగుల మట్టిలోనే ఉంటుంది. నీటిని, పోషకాలను పీల్చే సన్నని పీచువేర్లయితే పై అడుగులోపే దట్టంగా అల్లుకుని ఉంటాయి.

దీనికి కారణం గాలి. వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది, దానికి ఆక్సిజన్ కావాలి. మట్టి రేణువుల సందుల్లో ఉండే గాలి పైపొరలోనే ఎక్కువ. లోతుకు పోయేకొద్దీ, ముఖ్యంగా నల్లరేగడి లాంటి బంకమట్టిలో, అది తగ్గిపోతుంది. ఆకులు రాలి చివికి ఎరువయ్యేదీ, చిన్న వాన తడిసేదీ పైపొరే. కాబట్టి వేర్లు అక్కడికే చేరతాయి. కింద రాతిపొర గానీ గట్టి సుద్దపొర గానీ ఉంటే తల్లివేరు కూడా దారి లేక పక్కకు తిరుగుతుంది. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వచ్చిన సుడిగాలికి వేలాది చెట్లు ఒక్కసారిగా కూలినప్పుడు, గాలి తీవ్రతతోపాటు అక్కడి నేలలో వేర్లు లోతుకు దిగకపోవడం కూడా చర్చకు వచ్చింది.

వేర్లు ఎంత దూరం పోతాయన్నది రెండో సంగతి. ఇంటి కప్పుకు చూరు ఉన్నట్టే చెట్టుకూ చూరు ఉంటుంది; వాన నిలిచాక కొమ్మల చివర్ల నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారే వలయం అది. వేర్లు ఆ చూరు దగ్గర ఆగిపోవు. అడ్డు లేని నేలలో మొదలు నుంచి చూరు ఎంత దూరముందో దానికి రెండింతలు, ఒక్కోసారి మూడింతలు కూడా పోతాయి. కనుక చెట్టు కింద నాటిన ప్రతి మొక్కా ఆ చెట్టు వేర్ల మధ్యనే నాటినట్టు లెక్క.

ఎర్ర తురాయి, నాటు బాదం, నిద్రగన్నేరు, మర్రి లాంటి వాటిలో ఈ పైవేర్లు నేల మీదికే తేలి, కాలిబాట బండలను సైతం లేపుతాయి. మామిడిలో అవి అంతగా కనిపించవు గానీ తవ్వి చూస్తే తెలుస్తుంది. మా పెరటి మామిడి కింద, మొదలుకు ఆరడుగుల దూరంలో, ఒకసారి బొరిగెతో జానెడు వెడల్పు గుంట తీశాను. పైన రెండు వేళ్ల మందాన చివికిన ఆకుపొర. దాని కిందే, నాలుగు అంగుళాలు దిగకముందే, గోధుమరంగు పీచువేర్లు కొబ్బరిపీచు చాపలా అల్లుకుని కనిపించాయి. బొరిగె వాటిలో దిగక పక్కకు జారింది. పిడికెడు మట్టి తీసి దులిపితే మట్టి రాలిపోయి వేర్లే చేతిలో మిగిలాయి. అంతకుముందు ఏడాది అక్కడ నాటిన ఫెర్న్ వేరుబంతి నర్సరీ సంచి ఆకారంలోనే ఉండిపోయింది, దాని చుట్టూ మామిడి వేర్లు చుట్టుకుని లోపలికి కూడా చొరబడ్డాయి. నేను ఫెర్న్‌కు పోశాననుకున్న నీళ్లన్నీ తాగింది ఎవరో అప్పుడు అర్థమైంది.

నీడ ఒకటే కాదు: తడి నీడ, పొడి నీడ

నర్సరీలో "నీడ మొక్క" అన్న మాటకు తక్కువ వెలుతురుకు ఓర్చుకునేది అని మాత్రమే అర్థం. ఫెర్న్‌లు, క్యాలాడియం, ఆంథూరియం లాంటివి సహజంగా పెరిగేది వాగుల పక్కన, తేమ అడవుల్లో. అక్కడ నీడతోపాటు నేలలో, గాలిలో తేమ ఉంటుంది. దాన్ని తడి నీడ అనవచ్చు. మామిడి కిందిది పొడి నీడ. దట్టమైన కొమ్మలు గొడుగులా ఉండి, రెండు మూడు మిల్లీమీటర్ల జల్లు పడితే అందులో చాలావరకు ఆకుల మీదే నిలిచి ఆవిరైపోతుంది, నేలను చేరేది కొద్ది బొట్లే. ఆ కొద్దినీ పీచువేర్లు ముందుగా అందుకుంటాయి. నీడ కాబట్టి అక్కడ చల్లగా, తడిగా ఉంటుందని మనం అనుకుంటాం గానీ, కార్తీకంలో వేలు గుచ్చి చూస్తే చెట్టు కింది మట్టి ఎండలో ఉన్న మడి కంటే పొడిగా ఉండటం మామూలే.

వెలుతురులో కూడా తేడాలున్నాయి. మిట్టమధ్యాహ్నం చెట్టు కింద ఒక తెల్ల కాగితం పరచి, దానికి అడుగు ఎత్తున అరచేయి పెట్టి చూడవచ్చు. వేళ్లు విడివిడిగా, స్పష్టమైన అంచులతో నీడ పడితే అక్కడ వెలుతురు బాగానే ఉంది. అంచులు చెరిగి చేయి ఆకారం మాత్రం తెలుస్తుంటే అది మధ్యస్థమైన నీడ. నీడ పడిందో లేదో పోల్చుకోలేకపోతే అది గాఢమైన నీడ, అక్కడ పూలమొక్కల ఆశ వదులుకోవాలి. వేసవి మధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది; మన కంటిపాప వెంటనే సర్దుకుంటుంది కాబట్టి గుబురు చెట్టు కింద అందులో కొద్ది వంతే ఉన్నా మనకు అంత చీకటిగా తోచదు.

పైగా ఆకుల గుండా దిగిన కాంతి నాణ్యత కూడా మారిపోతుంది. పై ఆకులు ఎరుపు, నీలం కాంతులను పీల్చుకుని, కంటికి దాదాపు ఆనని ముదురు ఎరుపు కాంతిని కిందికి వదిలేస్తాయి. ఎండ మొక్కలు ఆ తేడాను పసిగట్టి, పక్కవాటిని దాటి పైకి పోవాలన్నట్టు కాడలు సాగదీస్తాయి. చెట్టు కింద నాటిన మిరప గానీ బంతి గానీ పొడుగ్గా, పీలగా సాగి ఒరిగిపోయేది ఇందుకే. నీడకు అలవాటైన పసుపు, చేమ లాంటివి అలా సాగడానికి బదులు ఆకు వెడల్పు పెంచుకుని ఉన్న వెలుతురుతోనే సర్దుకుంటాయి.

నీటి లెక్క ఒకటి వేసి చూద్దాం

చూరు వ్యాసార్ధం 5 మీటర్లున్న మామిడిని తీసుకుందాం. దాని కింది నేల విస్తీర్ణం సుమారు 78 చదరపు మీటర్లు. వేసవి రోజున చెట్టు ఆ విస్తీర్ణం మీద 4 మిల్లీమీటర్ల నీటికి సమానంగా ఆకుల ద్వారా బయటికి వదులుతుందనుకుంటే, చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు కాబట్టి, రోజుకు 300 లీటర్ల పైమాటే. ఇది లెక్క కోసం తీసుకున్న అంకె. నేల, ఎండ, చెట్టు వయసు, నేలలో మిగిలిన తడిని బట్టి మారుతుంది. దాని కింద నలభై పసుపు మొక్కలు పెట్టి, ఒక్కోదానికి రోజూ అర లీటరు చొప్పున పోస్తే 20 లీటర్లు. చెట్టు దాహంలో అది పదిహేనో వంతు కూడా కాదు.

రోజూ కొంచెం కొంచెం పోస్తే పైన రెండంగుళాలే తడుస్తుంది, ఆ తడి కోసం చెట్టు పీచువేర్లు ఇంకా పైకి వస్తాయి. అలా పోసే కొద్దీ పోటీ పెరుగుతుంది. నాలుగైదు రోజులకొకసారి నేల అడుగు లోతు నానేలా నిదానంగా పెడితే అటు చెట్టుకు, ఇటు మొక్కకు రెండింటికీ సరిపోతుందని తోట పెంచేవారు చెప్పేది ఈ కారణంతోనే. అయితే కొత్తగా నాటిన మొక్క వేరుబంతి అరచేయంతే ఉంటుంది, అది మొదటి నెలల్లో నాలుగు రోజులు ఆగలేదు. అందుకే మొదటి ఏడాది ఒక పద్ధతి, వేరూనాక మరొక పద్ధతి తప్పవు.

కొబ్బరి తోటలో సాధ్యమైనది మామిడి కింద ఎందుకు కాదు

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. కోనసీమలో కొబ్బరి చెట్ల కింద కోకో, అరటి, కంద, పసుపు, తమలపాకు అన్నీ పండుతున్నాయి కదా, చెట్టు కింద పోటీ అంత తీవ్రమైతే అవెలా వస్తున్నాయి?

కొబ్బరి వేరు తీరే వేరు. దానికి తల్లివేరు ఉండదు. మొదలు నుంచి తాళ్లలాంటి వేర్లు వేలకొద్దీ పుడతాయి. కేరళలో కాసరగోడులోని కేంద్ర తోట పంటల పరిశోధనా సంస్థలో కొబ్బరి వేర్లను తవ్వి పరిశీలించినప్పుడు, మంచి యాజమాన్యంలో ఉన్న చెట్టు వేర్లలో నాలుగింట మూడు వంతుల దాకా మొదలు నుంచి 2 మీటర్ల లోపే ఉన్నాయని, పై అడుగు మట్టిలో వేర్లు తక్కువగా ఉండి ఎక్కువ భాగం ఆ కిందే ఉన్నాయని తేలింది. ఇప్పుడు 7.5 మీటర్ల ఎడంలో చదరంగా నాటిన తోట లెక్క చూద్దాం. ఒక్కో చెట్టుకు 7.5 ఇంటూ 7.5, అంటే 56 చదరపు మీటర్ల చోటు. 2 మీటర్ల వ్యాసార్ధపు వలయం 12.5 చదరపు మీటర్లు. అంటే చెట్టు గట్టిగా వాడుకునే నేల 22 శాతమే, మిగతా నేలలో అంతర పంటకు తావుంది. వెలుతురు సంగతికొస్తే, సుమారు ఎనిమిదేళ్ల నుంచి ఇరవై అయిదేళ్ల వయసు వరకు మట్టలు కిందుగా ఉండి నీడ ఎక్కువ. ఆ తర్వాత చెట్టు ఎత్తు పెరిగి, మట్టల సందుల్లోంచి ఎండ కదులుతూ పడుతుంది.

అరకు, పాడేరు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ పండించి, ఆ చెట్లకే మిరియాల తీగ ఎక్కించడం కూడా ఇలాంటి ఏర్పాటే. అక్కడి చల్లదనం, మంచు, వానలు, కొమ్మలు కత్తిరించి వెలుతురు సర్దే అలవాటు అన్నీ కలిస్తేనే అది సాగుతోంది. హైదరాబాదులోనో కడపలోనో పెరటి మామిడి కింద ఆ పంటల జాబితాను అలాగే దించితే ఫలితం దిగదు.

నిద్రగన్నేరు కింద పచ్చగడ్డి, చింత కింద బోడినేల

వేర్లు పైపైన ఉన్న చెట్లన్నీ ఒకేలా ప్రవర్తించవు. నిద్రగన్నేరు వేర్లు పైకే తేలి ఉంటాయి, కొమ్మలు ఎంతో విశాలంగా పరుచుకుంటాయి, అయినా దాని కింద గడ్డి పచ్చగా కనిపిస్తుంది. సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు దాని ఆకులు ముడుచుకుంటాయి, వాన తిన్నగా నేలకు దిగుతుంది. పప్పుజాతి చెట్టు కాబట్టి దాని వేర్లలోని బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి, ఆ బలం రాలిన ఆకుల ద్వారా నేలకు చేరుతుంది.

చింత చెట్టు కింద దీనికి పూర్తిగా భిన్నమైన దృశ్యం. చింత కింద ఏమీ మొలవదని ఊళ్లలో అందరికీ తెలుసు. ఎందుకు మొలవదన్న దగ్గర అభిప్రాయాలు వేరవుతాయి. ఒక వాదన ప్రకారం చింత ఆకుల్లో, వేర్లలో ఉండే పదార్థాలు ఇతర మొక్కల గింజలను మొలవనీయవు. చింతాకు నానబెట్టిన నీళ్లతో ప్రయోగశాలల్లో గింజలు తడిపితే మొలకలు తగ్గిన ఫలితాలు దీనికి ఆధారం. రెండో వాదన ప్రకారం పళ్లెంలో గింజల మీద ఘాటైన కషాయం పోయడం వేరు, పొలంలో వాన కడిగి, సూక్ష్మజీవులు తిని, మట్టి పలచబరచిన తర్వాత మిగిలేది వేరు. గుబురు నీడ, నీటి పోటీ, చెట్టు కింద మనుషులూ పశువులూ తొక్కి గట్టిపడ్డ నేల చాలు ఆ బోడితనానికి. నాకు రెండో వాదనే ఎక్కువ కారణాలను కలుపుకుంటున్నట్టు కనిపిస్తుంది, అయితే మొదటిదాన్ని కొట్టిపారేయడానికీ లేదు. ఒకే చెట్టు కింద రెండూ ఒకేసారి పనిచేయవచ్చు, వాటిని విడదీసి కొలవడం నిజంగా కష్టం.

మట్టి పోసి ఎత్తు చేస్తే తప్పేమిటి

వేర్లు అడ్డొస్తున్నాయని తెలిశాక చాలామందికి తట్టే ఉపాయం, చెట్టు చుట్టూ ఇటుకల గోడ కట్టి, అడుగు మట్టి నింపి, అందులో మొక్కలు నాటడం. మొదటి ఏడాది అది చాలా అందంగా ఉంటుంది. కానీ పాత పీచువేర్ల మీద ఒక్కసారిగా అడుగు మట్టి పడితే వాటికి గాలి అందడం తగ్గిపోతుంది. మొదలు బెరడు తడి మట్టిలో కూరుకుపోయి కుళ్లవచ్చు. చెట్టు వెంటనే చెప్పదు. రెండు మూడేళ్లకు పైకొమ్మల చివర్లు ఎండటం మొదలవుతుంది, అప్పటికి మట్టి పోసిన సంగతి ఎవరికీ గుర్తుండదు. ఈలోగా చెట్టే కొత్త పీచువేర్లను ఆ కొత్త మట్టిలోకి పంపుతుంది కాబట్టి కింద నాటిన మొక్కల కష్టం కూడా మళ్లీ మొదటికి వస్తుంది.

దీనికి ఎదురుగా మన ఊళ్లే ఒక సాక్ష్యం చూపుతాయి. రావిచెట్టు చుట్టూ, వేపచెట్టు చుట్టూ రచ్చబండలు తరాలుగా ఉన్నాయి, చెట్లు చావలేదు కదా అంటారు. ఆ మాటలో బలం ఉంది, అయితే వివరాలు చూడాలి. చాలా రచ్చబండలు చెట్టు లేతగా ఉన్నప్పుడే మొదలై, చెట్టుతోపాటు పెరిగినవి. సున్నం, రాయితో కట్టిన పాత అరుగులో సందులుంటాయి, అరుగు దాటాక చుట్టూ మట్టినేలే ఉండేది, వేర్లు అక్కడ ఊపిరి పీల్చేవి. రావి, మర్రి జాతి చెట్లకు కాండం నుంచి కూడా కొత్త వేర్లు పుట్టించుకునే శక్తి ఉంది. గోడ పగులులో మొలిచి బతికే రావిని మామిడితో పోల్చలేం. ఇప్పుడు అరుగుకు సిమెంటు, అరుగు చుట్టూ కూడా సిమెంటు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది ఈ ఊపిరి సమస్య గురించే.

పలచగా, రెండు అంగుళాలు మించకుండా, చివికిన ఆకు ఎరువు పరచడం దీనికి భిన్నం. అది గుల్లగా ఉండి గాలిని ఆపదు, ఏటా కరిగి నేలలో కలిసిపోతుంది.

గుంటలు చిన్నవైతే నష్టం ఎంత తగ్గుతుంది

అదే 5 మీటర్ల చూరు ఉన్న మామిడి కింద, మొదలుకు 2 మీటర్ల నుంచి 3 మీటర్ల మధ్య వలయాన్ని గునపంతో తవ్వి మడి చేస్తే, 15.7 చదరపు మీటర్ల మేర పీచువేర్లు తెగుతాయి. అది చూరు కింది నేలలో అయిదో వంతు. దాని బదులు అదే వలయంలో 12 సెంటీమీటర్ల వెడల్పున నలభై చిన్న గుంటలు తీస్తే, కదిలే నేల మొత్తం అర చదరపు మీటరు కూడా కాదు. బొటనవేలంత లావు వేరు తగిలినచోట గుంటను నాలుగు వేళ్లు పక్కకు జరిపితే ఆ వేరూ తెగదు. తెగిన పీచువేర్లను చెట్టు కొన్ని వారాల్లో తిరిగి పుట్టించుకోగలదు. మణికట్టు లావు వేరు తెగితే అది చెట్టును నిలబెట్టే తాడు తెగినట్టే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖలో చెట్లను పడగొట్టిన తీరు చూసినవారికి ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు.

చిన్న గుంట అంటే మొక్క కూడా చిన్నదే కావాలి. ఇక్కడ పసుపు, మామిడి అల్లం లాంటివాటికి ఒక వెసులుబాటుంది: నాటేది వేలెడు కొమ్ము, గుంట మూడంగుళాలు చాలు. అవి తొలకరికి మొలిచి, చెట్టు కింద తడి ఉన్న నెలల్లోనే ఆకు వేసి, పోటీ ముదిరే ఎండాకాలానికి ఆకు రాల్చి దుంపగా నిద్రపోతాయి. ఫుట్‌బాల్ లిల్లీ కూడా గడ్డలోనే ఎండను దాటేసి, వేసవి జల్లులకు ఎర్రని బంతిలా పూస్తుంది. సాన్సెవేరియా (స్నేక్ ప్లాంట్) దారి మరొకటి, ఆకుల్లోనే నీరు దాచుకుని ఎంత పొడినైనా ఓర్చుకుంటుంది. స్పైడర్ లిల్లీ, మనీ ప్లాంట్, రియో మధ్యరకం. వేరూనే దాకా నీళ్లు అడుగుతాయి, తర్వాత సర్దుకుంటాయి. కంద నీడకు ఓర్చుకునేదే, కొవ్వూరు నుంచి వచ్చిన గజేంద్ర రకం పేరు రైతులందరికీ తెలిసిందే; అయితే దానికి పెద్ద గుంట, వదులు మట్టి కావాలి, కాబట్టి కొబ్బరి వరసల మధ్య అది సుఖంగా ఊరినట్టు మామిడి వేర్ల మధ్య ఊరదు. పసుపు విషయంలోనూ దుంప దిగుబడి పొలంలో అంత రాదు. పండగకు కొమ్ములు, పచ్చని ఆకు దక్కితే అదే లాభం.

రాలిన ఆకులు: ఊడ్చాలా, ఉంచాలా

పెరడు అద్దంలా ఊడ్చి కళ్లాపి చల్లడం మనకు శుభ్రతకు గుర్తు. ఆకులు పేరుకుంటే తేళ్లు, పాములు చేరతాయన్న భయం కూడా ఉత్తది కాదు, పిల్లలున్న ఇంట్లో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మరోవైపు, ఆ ఆకుపొరే నేల తడిని కాపాడేది, వానపాములకు తిండి పెట్టేది, చెట్టు ఏటా నేలకు తిరిగిచ్చే ఎరువు. రోజూ ఊడ్చే నేల చీపురు దెబ్బకు పైమట్టి పోయి, వేర్లు తేలి, సిమెంటులా గట్టిపడుతుంది. కొందరు గుమ్మం వైపు, నడక దారి వైపు ఊడ్చుకుని, చెట్టు వెనక భాగంలో మాత్రం ఆకులను చిన్నగా నలిపి పలచగా పరుస్తారు, మొదలు చుట్టూ జానెడు మేర ఖాళీ వదిలేస్తారు. మా పెరట్లో ఇలా మొదలుపెట్టి మూడో వానాకాలం నడుస్తోంది. మొన్న పసుపు పిలక ఒకటి సర్దడానికి బొరిగె దించితే ఈసారి పక్కకు జారలేదు, నల్లని గుల్ల మట్టిలోకి దిగింది. అందులో మామిడి పీచువేర్లు ఎప్పటిలాగే ఉన్నాయి, వాటి మధ్యనే పసుపు వేర్లు కూడా తెల్లగా సాగి ఉన్నాయి.